ఎనిమిది లేని సంఖ్య

నా చిన్నప్పుడు మా ఇంట్లో సందెవేళ ఎక్కాలు అప్పజెప్పందే కంచం ముందుకు వచ్చేది కాదు. నాన్న యూనివర్సిటీలో గుమాస్తా, ఇల్లు తార్నాకలో. అమ్మ వంటింట్లో పోపు వేస్తూ వినేది. నేను వసారాలో కూర్చుని చదివేదాన్ని. ‘తొమ్మిది ఎనిమిదులు’ దగ్గర ప్రతిసారీ ఆగిపోతే లోపలినుంచి ‘డెబ్బై రెండు’ అని అందించేది. కొన్నాళ్ళకు నాకది వచ్చేసింది. అయినా ఆగేదాన్ని. అలా అమ్మ అందించడం బాగుండేది.

ఒక వానాకాలం అమ్మ జ్వరంతో పోయింది. నాకు ఏడుపు రాలేదు. పిల్లది బండరాయి అన్నారు చుట్టాలు. నిజమే, ఆకలీ తెలిసేది కాదు, చలీ తెలిసేది కాదు. అక్క కాలేజీ మానేసి గరిటె పట్టుకుంది. తను వండిన అన్నం నాకు మింగుడు పడేది కాదు. అక్క కొన్నాళ్ళు బతిమాలింది, తర్వాత అదీ మానేసింది. నేను రోజురోజుకీ చిక్కిపోతున్నాను. ఎక్కాలు మాత్రం అలవాటు కొద్దీ చదివేదాన్ని. ఆ చోట ఆగి, ఎవరూ అందించకపోతే, దాన్ని వదిలేసి ముందుకు పోయేదాన్ని.

పక్కింటి లెక్కల సారుకు ఇదంతా గోడ అవతలికి వినపడుతూనే ఉండి ఉంటుంది. క్యాంపస్‌లో పాఠాలు చెప్పే ఆయన మొహంలో ఎప్పుడూ విసుగే. ఓ ఆదివారం నన్ను ఆర్ట్స్ కాలేజీ మెట్ల దాకా నడిపించుకెళ్ళారు. ఓదార్పు మాట ఒక్కటీ లేదు. సుద్దముక్కతో మెట్టు మీద 12345679 అని రాశారు. ఎనిమిది మర్చిపోయారన్నాను. తొమ్మిదితో గుణించమన్నారు. అన్నీ ఒకట్లే వచ్చాయి. ఎనిమిదిని ఇరికించి మళ్ళీ చేస్తే చివరి ఒకటికి ముందు సున్నా పడి వరుస చెడింది.

మరి ఎనిమిది ఎక్కడికి పోయిందని అడిగాను. అమ్మ పోయాక నేను ఎవరినైనా ఏదైనా అడగడం అదే మొదలు.

ఆయన గళ్ళు గీసి ఒకటి నుంచి వరుసగా నింపుకుంటూ పోయారు. గడికి ఒక్క అంకే పట్టాలి. పది దగ్గర సుద్ద ఆగింది.

“పది ఒక్క గడిల పట్టదు గద బిడ్డా. సున్నా ఉంచుకొని ఒకటి ముందున్న తొమ్మిదికిచ్చింది. గప్పుడు తొమ్మిది గూడ పదైంది. అదేం జేసింది? అది గూడ సున్నా ఉంచుకొని దాని ఒకటి ఎనిమిదికిచ్చింది. ఎనిమిది ఎటూ పోలె. మీదవడ్డ బరువు మోసి తొమ్మిదైంది. గందుకే నీకు కనవడతలేదు.”

అంతే, చేతులు దులుపుకుని లేచారు. అమ్మ పేరు గానీ అక్క పేరు గానీ ఎత్తలేదు.

ఆ సందెవేళ ఎక్కాలు చదువుతూ మళ్ళీ తొమ్మిది ఎనిమిదుల దగ్గర ఆగాను. ఈసారి వదిలేసి ముందుకు పోలేదు, ఊరుకున్నాను. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. చాలాసేపటికి “డెబ్బై రెండు” అంది అక్క. ఆ పూట తను కలిపి పెట్టిన పప్పన్నం తిన్నాను. కన్నీళ్ళు కంచంలో పడ్డాయి. అక్క ఇంకో ముద్ద కలిపింది.

ఆ అక్క ఈమధ్యే పోయింది. ఈసారీ నాకు ఏడుపు రాలేదు. మళ్ళీ అదే మొద్దుతనం. ఇప్పుడు ఉంటున్న హబ్సిగూడ ఫ్లాట్‌లో నేను పొయ్యి దగ్గరుంటే మనవరాలు హాల్లో ఎక్కాలు చదువుతుంది. మొన్న సరిగ్గా ఆ చోటే ఆగింది. “డెబ్బై రెండు” అన్నాను. నా నోట వచ్చింది అక్క గొంతు.

పిల్ల నిజంగా మర్చిపోయిందో, నేను అందిస్తానని ఆగిందో, అడగలేదు. పోపు మాడిపోయింది.