కుప్పం కోసం వెతికిన ల్యాప్‌టాప్

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు, నాకు రాయడం వచ్చేది కాదు, అంతే. నలభై దాటాక మా కూతురి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాను. ఆ రోజుల్లో, ముప్పయ్యేళ్లు కూడా నిండని వయసులో, పుంగనూరులో ఒక పాల కేంద్రంలో క్యాన్లు కడిగేదాన్ని. కుప్పం ఆఫీసులో వాడి వాడి పక్కన పెట్టిన ల్యాప్‌టాప్ ఒకటి మాకు పంపించారు. పాలలో వెన్న శాతం అందులో ఎక్కించాకే పాలు తీసుకోవాలి. అదేమో మీట నొక్కిన అరగంటకు గానీ లేచేది కాదు. జనం క్యాన్లతో ఎండలో నిలబడేవాళ్లు.

"ఏమ్మే, మీ పెట్టె లేసిందా?" అనేది వరసలో ముందుండే ముసలామె.

"ఇంగా లేదు పెద్దమ్మా."

"నా ఎనుము ఈనేదానికి గూడా ఇంత సేపు పట్టలేదు గదే."

రెండుసార్లు పాలు విరిగాయి. నేను తడిగుడ్డతో తుడవడం వల్లే లోపలికి నీళ్లు దిగాయని మేనేజరు తేల్చాడు. "సోమవారానికి బాగుపడకపోతే నువ్వు రావద్దులేమ్మా" అన్నాడు (ఎంత మెల్లగా అన్నాడంటే, అరిచినా బాగుండేది). ఇంట్లో నా జీతం తప్ప వేరే ఆధారం లేదు. తుడవడం మానేశాను. అయినా లేవడానికి అరగంట పడుతూనే ఉంది. "తడి ఆరేదానికి టైము పడతాది" అన్నాడు. దిక్కుతోచక దానికి కుంకుమబొట్టు పెట్టాను. ఆయన తల పట్టుకుని, ఆ బొట్టు నన్నే తుడవమన్నాడు (పొడిగుడ్డతో), ఆపైన దాన్ని ముట్టుకోవద్దన్నాడు.

తెర మూలన రోజూ ఒకే బుడగ వచ్చేది, అందులో ఒకే రాత. మేనేజరు చదవకుండానే మూసేసేవాడు. నాకు చదువు రాదు గానీ ముగ్గులు వచ్చు, ఎంత పెద్ద ముగ్గయినా ఒకసారి చూస్తే వేసేదాన్ని. మూడు రోజులు కన్నార్పకుండా చూసి, ఆ రాతను క్యాలెండర్ కాగితం వెనక దించుకుని, ఆదివారం మదనపల్లె బస్సెక్కాను.

రిపేరు షాపు పెద్దాయన కాగితాన్ని ఇటూ అటూ తిప్పాడు. "ఇదేం బాసమ్మా? అంతా మెలికలుండాయే." (అందంగా ఉంటుందని ప్రతి అక్షరానికీ నేనే కలిపాను.) మెలికలు కొట్టేసి చదివాక కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"మీ ల్యాప్‌టాప్ కుప్పం ఆఫీసు వైర్‌లెస్ నెట్‌వర్కు కోసం ఎతకతా ఉండాదమ్మా. అది ఈడ యాడ దొరకతాది? ఎతికి ఎతికి అలసిపోయినాక గానీ వేరే పని ముట్టదు."

"అంటే పుట్టింటి కోసం సూస్తా ఉండాదా అప్పా?"

"అట్లే అనుకో. ముందరి అంచున చిన్న మీట ఉంటాది, పక్కకు జరుపు. నీలం లైటు ఆరిపోతాది. అంతే."

ముట్టుకోవద్దన్నదాన్ని ముట్టుకుంటేనే బాగుపడుతుందని మేనేజరుకు ఎలా చెప్పాలో దారంతా ఆలోచించాను. నోటితో చెబితే నమ్మడు. రాసివ్వడం చేతకాదు. బస్సు కిటికీకి తల ఆనించి కూర్చున్న అప్పటి నన్ను తలచుకుంటే ఇప్పుడు జాలీ వేస్తుంది, నవ్వూ వస్తుంది.

మరుసటి ఉదయం ఆయన చూడకుండా మీట జరిపాను. పెద్దమ్మ క్యాను దించేలోపే ల్యాప్‌టాప్ లేచింది.

"సూస్తివా, నువ్వు తుడిసేది మానేస్తే ఎట్లా బాగుపడిందో" అన్నాడు మేనేజరు.

"అవును సార్" అని క్యాన్ల దగ్గరికి వెళ్లాను. ఆ రోజు ఒక్కో క్యాను రెండుసార్లు కడిగాను.