పదకొండు టిక్కులు

తెల్లాపూర్‌లో మా చెల్లెలి బడి, వైస్ ప్రిన్సిపాల్ గది, శనివారం ఉదయం. ఉన్నవాళ్ళు ఐదుగురు: వైస్ ప్రిన్సిపాల్ మేడం, బడి కంప్యూటర్లు చూసుకునే నా వయసు ఇంజనీరు, తొమ్మిదో తరగతి చదువుతున్న మా చెల్లెలు, అమ్మ, నేను. ఉన్నవి: గోడకు పెద్ద మానిటర్ ఒకటి, బడి ఇచ్చిన ట్యాబ్ ఒకటి, ముందే టైపు చేసి ఉంచిన కాగితం ఒకటి, దాని పక్కన మూత తీసిన పెన్ను, అమ్మ ఒడిలో రెక్సిన్ సంచి. నాన్న కంపెనీ క్యాబ్ నడుపుతాడు. ఆయనకు ఆ రోజు డ్యూటీ ఉంది, రాలేదు.

టైపు చేసిన కాగితం క్షమాపణ లేఖ. 'నేను బడి ట్యాబ్‌లో అసభ్యమైన విషయం వెతికాను, ఇకముందు వెతకను' అని అందులో ఉంది. చెల్లెలు దాన్ని తన చేతిరాతతో తిరిగి రాసి సంతకం పెట్టాలి. అది పదో తరగతి అయిపోయేదాకా ఆమె ఫైల్లో ఉంటుంది. రాయకపోతే వారం రోజులు బడికి రానివ్వరు. మమ్మల్ని పిలిచింది అందుకే. ఫోనులో మాత్రం ఇంటర్నెట్ దుర్వినియోగం అని ఒక్క ముక్క చెప్పారు. ఏం వెతికిందో చెప్పలేదు.

మేడం కోస్తా వైపు మనిషి. గొంతు పెంచకుండా మాట్లాడింది.

"మీ అమ్మాయి తెలివైందండి. అందుకే ఇంత ఓపిగ్గా చెబుతున్నాం. ఈ నాలుగు లైన్లు రాసిచ్చేస్తే ఇక్కడితో అయిపోతుంది."

"నేను వెతకలే మేడం. రాయ," అంది చెల్లెలు.

"మరి ఎవరు వెతికారమ్మా?"

"అది చెప్ప."

ముందురోజు కూడా గంటసేపు ఇదే జరిగిందట. మేడం ఇంజనీరు వైపు చూసింది. అతను మీట నొక్కాడు. పెద్ద మానిటర్ మీద ఎర్ర గీతల మధ్య ఒక వాక్యం వచ్చింది. తెలుగులో ఏడు మాటలు. ఎవరో ట్యాబ్‌ను నోటితో అడిగిన ప్రశ్న అది. ఒంట్లో తేడా కనిపిస్తే ఆడవాళ్ళు డాక్టరును అడిగే ప్రశ్న. అందులో శరీరంలో ఒక భాగం పేరు ఉంది. బడి పెట్టిన యాప్ ఆ వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చుకుని, ఆ పేరును తన నిషిద్ధ పదాల జాబితాలో పోల్చుకుని, 'అసభ్యం' అని ముద్ర వేసింది. ఆ ఏడు మాటలు ఇక్కడ రాయను. వాటిని ఇప్పటికే చాలామంది చదివారు.

మేడం మొదటి నాలుగు మాటలు పైకి చదివింది. ఇంజనీరు కీబోర్డు వైపు తల దించుకున్నాడు. అమ్మ వైపు నేను చూడలేదు, ఎందుకంటే నా కళ్ళు వాక్యం కింద ఉన్న సమయం మీద ఉన్నాయి. మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఎనిమిది నిమిషాలు.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. హైటెక్ సిటీలో, పన్నెండో అంతస్తులో, ఇతరులు రాసిన యాప్‌లలో తప్పులు పట్టడం. తప్పు దొరికితే ముందు సంతోషం వస్తుంది, ఆలోచన తర్వాత వస్తుంది. మంగళవారం చెల్లెలికి లెక్కల పరీక్ష. పరీక్ష ఉన్న రోజు ట్యాబులు తేవద్దని బడి నియమం. పదిన్నర నుంచి పన్నెండు వరకు తను వీళ్ళ హాల్లోనే కూర్చుని ఉంది. నేను కుర్చీలో ముందుకు జరిగి ఇదంతా వరసగా చెప్పాను. మీ లాగ్ ప్రకారమే మీ ఆరోపణ నిలవదు మేడం అన్నాను. చెల్లెలు బల్ల కింద నా పాదం తొక్కింది. అప్పటికే మొత్తం చెప్పేశాను.

మేడం మానిటర్ మీద ఆ సమయం మరోసారి చూసుకుంది.

"నిజమేనండి. అయితే ఆ టైములో ట్యాబ్ ఇంట్లో ఎవరి దగ్గరుంది?"

మంగళవారం పదకొండింటికి శేరిలింగంపల్లిలో మా ఇంట్లో ఉండేది ఒక్కరే. నాన్న బండి మీద, నేను ఆఫీసులో, చెల్లెలు పరీక్షలో. చెల్లెలు రెండు రోజులుగా నోరు కట్టుకుని దాచినదాన్ని నేను రెండు నిమిషాల్లో విప్పి బల్ల మీద పెట్టాను, అదీ గెలిచాననుకుంటూ. అది మా ఇంటి విషయం, అడిగే పని మీకు లేదు అనాలి. ఆ మాట నాకు నోట్లో తయారయ్యేలోపు అమ్మ ఒళ్ళోని సంచి తీసి బల్ల మీద, సరిగ్గా ఆ కాగితం మీద పెట్టింది.

"నేనే అడిగిన మేడం. నాకు టైపు కొట్టరాదు, నోటితోని అడిగిన. నా పెయ్యి, నా ఫికర్. మీరెందుకు సదువుతున్రు?"

"అయ్యో, అమ్మా, ముందే చెప్పి ఉంటే..."

"ముందే ఎవలికి చెప్పాలె? నా కొడుక్కే చెప్పలే."

నేను అమ్మ వైపు అప్పుడు చూశాను. ఆమె నా వైపు చూడలేదు, మానిటర్ మీది తన మాటలనే చూస్తోంది. "అది బంద్ చెయ్యి బిడ్డా," అంది ఇంజనీరుతో. మేడం అనుమతి కోసం చూడకుండానే అతను బంద్ చేశాడు.

మేడం లేఖను సంచి కింది నుంచి లాగి మడిచింది. ఇక అమ్మాయి రాయనక్కరలేదంది. పొరపాటు అనే మాట మూడుసార్లు వాడింది. కానీ ఈ ఏర్పాటు పిల్లల భద్రత కోసమేనని, దానికి మేమే ఒప్పుకున్నామని కూడా అంది. ఇంజనీరు ఆ ఒప్పందం తెరిచి చూపించాడు. తండ్రి పేరు కింద నా ఈమెయిల్ ఉంది, ఎందుకంటే మా ఇంట్లో ఇంగ్లీషు కాగితాలన్నీ నాకే వస్తాయి. దాని కింద ఒక్కో అనుమతికి ఒకటిగా పదకొండు గడులు. పదకొండింటిలోనూ టిక్కులు. జూన్‌లో, ఆఫీసులో పొద్దుటి మీటింగ్ నడుస్తుండగా, నేను పెట్టినవి.

"సదివినవా అన్నా?" అని చెల్లెలు అడిగింది.

చదవలేదు. నేను జీతం తీసుకునేదే ఇలాంటి గడులను ఒక్కొక్కటిగా నొక్కి చూసినందుకు.

ఆ ట్యాబ్‌తో మా ఇంటి నుంచి తీసుకున్నదంతా చూపించమన్నాను. "అన్నా, మస్తున్నయి," అన్నాడు ఇంజనీరు, అయినా తెరిచాడు. ట్యాబ్ వాడుతున్నంతసేపూ రెండు నిమిషాలకోసారి తెర బొమ్మ, అంటే స్క్రీన్‌షాట్, వాళ్ళకు చేరింది. చెల్లెలు స్నేహితురాలికి రాసి పంపకుండా చెరిపేసిన మెసేజ్, నాన్న లైసెన్సు రెన్యువల్ ఫారం, ఊళ్ళో ఉండే నానమ్మ పింఛను వివరాలు, అమ్మ విన్న బతుకమ్మ పాటలు. నా ఆఫీసు ల్యాప్‌టాప్ పోతే మా ఇంట్లో నెట్ వచ్చే పెద్ద తెర అదొక్కటే, కాబట్టి అందరూ దాంట్లోనే చూసేవాళ్ళు. ఆ యాప్‌లో తప్పేమీ లేదు. చేయమన్న పని చేసింది. అమ్మ వాక్యాన్ని అది సరిగ్గా అర్థం చేసుకుని, 'అసభ్యం కాదు, ఆరోగ్యం' అని రాసి పంపినా నా గొడవ ఇదే. ఆ వాక్యం ఈ గదికి రావలసింది కాదు.

మేడం మడిచిన క్షమాపణ లేఖను విప్పాను, వెనక వైపు ఖాళీగా ఉంది. మూత తీసిన పెన్ను అక్కడే ఉంది. నేను తెలుగులో రాశాను: మా ఇంటి నుంచి తీసుకున్నదంతా చెరిపేయాలి, చెరిపేసినట్టు రాసివ్వాలి, ఇప్పటిదాకా ఎవరెవరు చూశారో చెప్పాలి, నా పదకొండు టిక్కులు ఈ రోజుతో రద్దు. అమ్మ చదివి, కింద తన సంతకం కూడా పెట్టింది.

టిక్కులు తీసేస్తే ట్యాబ్ ఇవ్వడం కుదరదని, అమ్మాయి హోంవర్క్ ఎలా చేస్తుందో ఆలోచించుకోండని మేడం అంది.

"నోట్‌బుక్కుల చేస్త," అంది చెల్లెలు, ట్యాబ్‌ను ఆమె వైపు తోస్తూ. "మీరు దిద్దుతరు గద మేడం?"

గేటు బయట ఆటో దొరికింది. ఎక్కి కూర్చున్నాక అమ్మ అంది: "పెద్ద టెస్టర్‌వి. దినమంత మంది తప్పులు ఎతుకుతవు. ఇంట్లది సూడవు." చెల్లెలు నవ్వాపుకోలేక అటు తిరిగింది. ముందురోజు తెర మీద చూడగానే అది అమ్మ మాటే అని గుర్తుపట్టానని, అమ్మను అడగడానికి మాత్రం ధైర్యం చాల్లేదని తను ఆ రోజే చెప్పింది. పధ్నాలుగేళ్ళ పిల్ల, సస్పెండ్ అవుతానని తెలిసీ, ఆ ఏడు మాటలు ఎవరివో చెప్పలేదు. ఆ గదిలో ప్రైవసీ అంటే ఏమిటో తెలిసినది తనొక్కర్తే.

సోమవారం సెలవు పెట్టి అమ్మను దవాఖానకు తీసుకెళ్ళాను. ఇంతవరకు రాయడానికి అమ్మ ఒప్పుకుంది. "డాక్టరమ్మ ఏం చెప్పిందో మాత్రం రాయకు" అంది. రాయను.

ఆ వారమే పదకొండు గడుల్లో ఏముందో తెలుగులోకి మార్చి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. తర్వాత మియాపూర్ నుంచి ఒక తండ్రి, దాచుకోవడానికి ఏమీ లేనివాళ్ళకు భయమెందుకండి అని రాశాడు. అయితే మీ ఫోనులో నిన్న వెతికినవన్నీ తెర బొమ్మ తీసి ఇక్కడ పెట్టండి సార్ అని అడిగాను. ఇంకా పెట్టలేదు. అమ్మ వాక్యం చెరిపేశామని బడి నుంచి రెండు లైన్ల జవాబు వచ్చింది. మిగతావి పరిశీలనలో ఉన్నాయట. ప్రతి సోమవారం మళ్ళీ అడుగుతున్నాను.

చెల్లెలు నోట్‌బుక్కుల్లో రాస్తోంది. మేడం దిద్దుతోంది. వాళ్ళ తరగతిలో పిల్లలు ముప్పై ఎనిమిది మంది. ఈ వారానికి ట్యాబ్ వెనక్కి ఇచ్చినవాళ్ళు నలుగురు.