నలభై మూడు కిలోల మూటలు

నా చిన్నప్పుడు కువైట్‌లో మేం వదిలేసి వచ్చినవి చాలా ఉన్నాయి. ఖైతాన్‌లోని రెండు గదుల ఇంట్లో ఫ్రిజ్, అమ్మ కుట్టుమిషను, నాన్న ఒక్కొక్కటిగా కొనుక్కున్న పానాల పెట్టె, నా బడిసంచి. అవి మావి. పోతే మాకే పోయాయి కాబట్టి వాటిని లెక్కలో వేయను. లెక్కలో వేసేది ఇంకో నలభై మూడు కిలోలు. అవి మావి కావు.

అవి ఎలా పోయాయో చెప్పాలంటే ముందు పక్కింటి చాచా సంగతి చెప్పాలి. ఆయనది రాయచోటి. అప్పట్లో ఒక చిన్న బ్రిటిష్ కంపెనీ సరుకుల విమానం నడిపేది. ఎవరు బాడుగకు మాట్లాడుకుంటే వాళ్ళ సరుకు ఎక్కడికైనా మోసేది. యంత్రాల సామాన్లు, కోడిపిల్లల పెట్టెలు, ఒకసారి పందెం గుర్రాలు కూడా తెచ్చింది. కువైట్‌లో దాని సరుకు ఎక్కించి దించే కూలీలకు చాచా మేస్త్రీ. ఆ నాలుగు పంకాల పాత విమానం గురించి ఆయన చెబుతుంటే మేం పిల్లలం అన్నం మరిచిపోయి వినేవాళ్ళం. సరుకు ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు దాని తోక కింద ఒక ఇనుప కాలు నిలబెట్టేవారట. ఒకసారి ఆ కాలు పెట్టకముందే కొత్త కూలీలు ముందువైపు సరుకు దించేశారట. విమానం ముక్కు పైకెత్తి, తోక నేలకు ఆనించి, కుక్కలా కూర్చుందట. "తెల్లోడు దిగొచ్చి దాని ముక్కు కింద నిలబడి చాయ్ తాగినాడు. అంతకంటే చేసేదేముంది?" అనేవాడు చాచా. ప్రతిసారీ నవ్వేవాళ్ళం.

ఆ కంపెనీ రెండు ఎండాకాలాలైనా సరిగ్గా నిలవలేదు. మూతపడిన రోజు కంపెనీవాళ్ళు చాచా చేతికి ఒక కొక్కెం కాటా ఇచ్చి వెళ్ళారు. ఆయన షువైఖ్‌లో గోదాము పనిలో చేరాడు. కాటా మాత్రం ఇంటి మేకుకు వేలాడేది.

తర్వాతి ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. విమానాశ్రయం మూతపడింది. మా వీధి మలుపులో ట్యాంకు నిలబడింది. కొన్ని వారాలకు నాన్న కఫీల్, అంటే ఆయన్ని పనికి పెట్టుకున్న అరబ్బు యజమాని, తన షెడ్డులోని చిన్న లారీ తాళాలు ఇచ్చి, ఎటైనా వెళ్ళిపొమ్మన్నాడు. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరాలి. మా ఇల్లు, చాచా ఇల్లు, ఇంకో రెండు కుటుంబాలు. ఆ ఉదయమే పక్క వీధిలో నిలిపిన లారీని సైనికులు తోలుకుపోయారు. మధ్యాహ్నంలోగా కదలకపోతే మాదీ పోతుంది.

మావాళ్ళలో ఒక అలవాటు ఉంది. ఊరికి ఎవరు బయలుదేరినా మిగతావాళ్ళు తలా ఒక మూట చేతికిస్తారు. వద్దనకూడదు. రేపు మన మూట వాళ్ళు మోస్తారు. యుద్ధంలోనూ ఆ అలవాటు ఆగలేదు. పాలపొడి డబ్బాలు, దుప్పట్లు, చీరగుడ్డలు, టార్చిలైట్లు. అమ్మ అన్నీ తీసుకుంది.

సామాను ఎక్కించాక మాకు తెలిసిన ఒక అక్క వచ్చింది. వెనక వీధిలోని అరబ్బుల ఇంట్లోనే ఉండి పనిచేసేది. సెలవు దొరికినప్పుడల్లా వచ్చి నాకు జడ వేసేది. వాళ్ళ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, కుటుంబమంతటితో సౌదీలో చిక్కుకుపోయింది. ఆ పెద్ద ఇంట్లో ఆమె ఒక్కతే. ముందురోజు పక్క ఇంట్లోకి సైనికులు దూరారు.

"నన్నూ తీసకపోండి వదినా. యాడన్నా ఒక మూలన కూచుంటా."

నాన్న లారీ కిందనుంచి లేచాడు. బరువు మోసే వెనక కమాను పట్టీ ఒకటి విరిగి ఉంది. దాని కింద చెక్క కట్టాడు. "పట్టదు తల్లీ," అన్నాడు, ఆమె ముఖం చూడకుండా. "ఇంగొక మనిషి ఎక్కితే ఎడారిలో బండి కూలబడతాది. అందరం పోతాం." ఆయన అబద్ధం చెప్పలేదు. లారీ అప్పటికే చాచా విమానంలా వెనక్కి కూర్చుంది.

చాచా ఇంట్లోకి వెళ్ళి కాటా తెచ్చాడు. మెట్ల కింది ఇనుప కడ్డీకి తగిలించి, ఊరివాళ్ళ మూటలు మాత్రం ఒక్కొక్కటే వేలాడదీశాడు. "బేటీ, కూడుకుంటా పో," అన్నాడు నాతో. నాకు నోటిలెక్క ఇష్టమని ఆయనకు తెలుసు. నేను పైకే కూడాను. నలభై మూడు. తర్వాత అమ్మ చీరతో జోలె కట్టి అక్కను కూర్చోమన్నాడు. ఆమె సిగ్గుపడుతూ కూర్చుంది. ముల్లు నలభై ఒకటి దగ్గర ఆగింది.

"ఎంత మిగులుతాది బేటీ?"

"రెండు," అన్నాను.

"ఆ రెండూ నీళ్ళు."

అందరూ అమ్మ వైపు చూశారు. మూటలు అందుకున్నది ఆమె చేయి. ఊళ్ళో జవాబు చెప్పాల్సిందీ ఆమే. వీధి మలుపులో ట్యాంకు ఇంజను మొదలైంది. అమ్మ మొదటి మూట తనే ఎత్తి తిరిగి మా గదిలోకి మోసింది.

"సామాను బాకీ పడితే తీర్చుకుంటా," అంది నాన్నతో. "మనిషి బాకీ పడితే యాడ తీర్చేది?"

మూటలన్నీ లోపల పెట్టి తాళం వేసింది. ఆ తాళం ఎన్నాళ్ళు నిలిచిందో తెలియదు. చాచా నీళ్ళ డబ్బాలను వెనక చక్రాలకు ముందుకు జరిపించి, మనుషులను ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. బస్రా దగ్గర సైనికులు సామాను దించమన్నప్పుడు తోకవైపు నుంచే దింపించాడు. చెక్క సరిహద్దు దాకా నిలిచింది. దారిలో లారీ ఎగిరిపడిన ప్రతిసారీ నాన్న అద్దంలోంచి వెనక్కి చూసేవాడు. అక్క నన్ను ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

అక్కతో సహా అందరం క్షేమంగా ఊళ్ళు చేరాక అమ్మ ఆ మూటలన్నీ తీర్చడం మొదలుపెట్టింది. దుప్పటికి దుప్పటి, డబ్బాకు డబ్బా. కొందరు వద్దన్నా ఇచ్చి వచ్చేది. అమ్మ పోయాక మిగిలినవి నేను తీర్చాను. నేను ఇప్పుడు లారీ ఆఫీసులో బరువుల లెక్క చూస్తాను. లెక్క ఎవరూ నేర్పలేదు, ఆ మెట్ల కింద మొదలైంది, అంతే. ఎవరైనా పట్టదంటే ఏది దించితే పడుతుందని అడుగుతాను. చాలాసార్లు దించగలిగింది ఏదో ఒకటి ఉంటుంది.

ఒక్క మూట మాత్రం మిగిలింది. ఖైతాన్ దర్జీ ఒకతను, తన అన్న రాయచోటి బస్టాండుకు వచ్చి తీసుకుంటాడని చెప్పి ఇచ్చాడు. పిల్లవాడి స్వెటరు, పాలపొడి. అన్న పేరు అడగడం అమ్మకు తోచలేదు. తర్వాత ఎంత వెతికినా ఆ అన్న దొరకలేదు, దర్జీ జాడా తెలియలేదు.

నలభై మూడులో అదొక్కటే ఇంకా బాకీ. కిలోంబావు.