బంతి గాలిలో ఉన్నప్పుడే

నా చిన్నప్పుడు మా ఇంట్లో ‘నాది’ అనే మాటకు రెండు చట్టాలుండేవి. గడప లోపల, అదీ బెల్లం ముక్క దగ్గర ఆ మాట అంటే అమ్మ గరిటె తిరగేసేది. గడప బయట ఆ మాట అనకపోతే నాయన విజిల్ ఊదేవాడు. గడప బయట అంటే తిరుపతిలో ఒక కాలేజీ వాలీబాల్ మైదానం. మాకిచ్చిన రెండు గదులు దానికి ఆనుకునే ఉండేవి.

మా నాయన ఆ కాలేజీకి వాలీబాల్ కోచ్. అంతకుముందు జిల్లా జట్టుకు ఆడినవాడు. గాలిలోకి లేస్తే దిగడం మరిచిపోయేవాడని పాత ఆటగాళ్లు చెప్పుకునేవారు. ఒకసారి దిగడం గుర్తొచ్చింది గానీ సరిగా దిగలేదు, మోకాలు పోయింది. అప్పటి నుంచి ఎగిరేది పిల్లలు, అరిచేది ఆయన. ఆయన సర్వీసును ఊరంతా మెచ్చుకునేది. కాలేజీ ఆఫీసు మాత్రం ఆయన సర్వీసును ఏనాడూ లెక్కలో వేసుకోలేదు. ప్రతి వేసవి తరవాతా ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరినట్టే.

ఆటలో నేను ఆయన కడుపున చెడబుట్టాను. బంతి నా మీదికి వస్తే కళ్లు మూసుకుని చేతులు జోడించేదాన్ని. దూరం నుంచి చూసేవాళ్లు దాన్ని ఆట అనుకునేవారు. ఇక తమ్ముడికీ నాకూ మధ్య పడే బంతికైతే దిక్కే లేదు. వాడు తీస్తాడులే అని నేను, అక్క తీస్తుందిలే అని వాడు.

ఒక ఆదివారం పొద్దున నాయన ఆటగాళ్ల కోసం తెచ్చిన కోడిగుడ్లలో ఒకదాన్ని తీసి, మా ఇద్దరి మధ్యకు ఎత్తుగా విసిరాడు. మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. గుడ్డు మా ఇద్దరినీ చూసి చూసి నేల మీద పడింది.

“ఎవురిది?” అన్నాడు నాయన.

“వానిది,” అన్నాను. “అక్కది,” అన్నాడు తమ్ముడు.

“గాల్లో ఉన్నెప్పుడు ఎవురిదీ కాదు, పగిలినాక ఇంగొకరిదా? గాల్లో ఉన్నెప్పుడే ‘నాది’ అని అరవాల. అరిసినోళ్లు తియ్యాల. అంతే ఆట.”

పక్కన నెట్ కడుతున్న నగరి అన్న పగలబడి నవ్వాడు. “ఈ తూరి కోడినే ఎయ్యండి సార్, అదన్నా ఎగిరి తప్పించుకుంటాది!”

నగరి అన్న అంటే నగరి నుంచి వచ్చిన చేనేతవాళ్ల అబ్బాయి. జట్టులో అందరికంటే పొడుగు. తెగిన పోగును కలిపే ముడితో నా తెగిన రిబ్బన్లు కలిపి ఇచ్చేవాడు. ఆ ముడి ఎక్కడుందో వేలితో తడిమినా దొరికేది కాదు.

నెట్ కట్టే ఇనుప కంబాల్లో ఒకటి నేలకు ఆనే మొదలు దగ్గర తుప్పు పట్టి ఉండేది. కొత్తది కావాలని నాయన ప్రిన్సిపాల్‌ను అడగడం, వచ్చే ఏడు చూద్దామని ఆయన అనడం మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. గుడ్డు పగిలిన వారం తిరక్కముందే, నగరి అన్న నెట్ తీగ బిగిస్తుంటే ఆ కంబం విరిగి అన్న తల మీద పడింది. పెద్దాసుపత్రికి మోసుకెళ్లారు. మనిషి దక్కలేదు.

కర్మకాండలు అయ్యాక ప్రిన్సిపాల్, కాలేజీ కమిటీ పెద్దలు వచ్చి విరిగిన కంబం చుట్టూ నిలబడ్డారు. కొడుకు బట్టల పెట్టె తీసుకుపోవడానికి వచ్చిన నగరి అన్న వాళ్ల నాయన కూడా అక్కడే ఉన్నాడు. ఆయన కోసం అమ్మ పంపిన మజ్జిగ చెంబుతో నేను వెళ్లాను.

“కుర్రాడు నెట్ పట్టుకుని వేలాడి ఉంటాడు. ఆ వయసు అట్లాంటిది,” అన్నాడు ప్రిన్సిపాల్.

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇంకో క్షణం ఆగితే తప్పు చనిపోయినవాడి మీదే పడుతుంది. కాదనడానికి వాడు లేడు.

“నాది,” అన్నాడు నాయన.

అందరూ తిరిగి చూశారు.

“వాడు యాలాడలేదు సార్. తీగ బిగించమనింది నేను. కంబం మొదలుకాడ తుప్పు పట్టుండాదని నాకు తెలుసు. తెలిసే ఆడించినాను.”

కొత్తది అడిగిన సంగతి మాత్రం ఆయన ఎత్తలేదు. ప్రిన్సిపాల్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

ఇక పెట్టె పట్టుకుని నిలబడ్డ ఆ పెద్దాయన మా నాయన చేతులు పట్టుకుంటాడని అనుకున్నాను. నేను అప్పటిదాకా విన్న కథల్లో అంతే జరిగేది. ఆయన పెట్టె కింద పెట్టి, చాలా మెల్లగా అన్నాడు.

“నీదే అయితే, నా కొడుకును తెచ్చియ్యప్పా.”

ఆయన పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయాడు. మజ్జిగ ముట్టలేదు.

నెల తిరిగేలోగా ఉద్యోగం పోయింది, దాంతో రెండు గదులూ పోయాయి. తరవాత ఏ కాలేజీ నాయనను వాలీబాల్ కోర్టులో అడుగు పెట్టనివ్వలేదు. రేణిగుంటలో ఒక లారీ ఆఫీసులో మూటలకు కాపలా ఉన్నాడు. కొత్త కంబం అడిగినానని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేదని అమ్మ చాలాకాలం సాధించింది. ఒకరోజు ఆయన జవాబు చెప్పాడు.

“అడిగినాను. లేదన్నారు. ఆ పొద్దే నెట్ ఇప్పేసి, ఈ కంబంతో ఆడించనని అనుండాల. గాల్లో ఉన్నెప్పుడు అనలేదే నేను! పడినాక అనేది ఏం మాట?”

ఏడాదికోసారి నగరి బస్సెక్కేవాడు. నగరి అన్న వాళ్ల ఇంటి తిన్నె మీద కాసేపు కూర్చుని, లోపలి మగ్గం చప్పుడు విని తిరిగొచ్చేవాడు. ఎవరూ పలకరించేవారు కాదు. ఎన్నో ఏటనో గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చారట. ఆ సంగతి మాకు చెప్పి, మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఇప్పుడు మనవళ్లు నన్ను ‘నాది అవ్వ’ అంటారు. మా అపార్టుమెంటులో ఏ పని దగ్గరైనా జనం ఒకరి మొహం ఒకరు చూసుకోగానే నా నోరు జారుతుంది. అట్లా నాకు దక్కిన పదవులన్నీ చీపురుతోనో తాళంచెవితోనో వచ్చినవే. మొన్న డాబా పిట్టగోడ కదులుతోందని తెలిసింది. అది సంఘం పనా, కట్టినవాడి పనా అని కింద వాదన మొదలైంది. నేను కుర్చీ మోసుకుని పైకెళ్లి, ఆ గోడకు అడ్డంగా వేసుకుని కూర్చున్నాను. మేస్త్రీ కోసం ఫోను చేశాను. బంతాట ఆడుకోవడానికి వచ్చిన పిల్లలు “అవ్వా, గోడ పారిపోతుందా?” అని నవ్వారు. నగరి అన్న ఉంటే ఇంకో మాట కలిపేవాడు.

మేస్త్రీ వచ్చేదాకా నేను లేవలేదు.