డబ్బింగ్ థియేటర్‌లో చల్లదనం లెక్క

అమ్మ పోయిన పదిహేడో రోజున నేను మళ్లీ పనిలోకి వెళ్లాను. వెళ్లాలనిపించి కాదు. ఇంట్లో ఉండి చేసేదేమీ లేక వెళ్లాను. యూసుఫ్‌గూడలో మావి రెండు గదులు. ఒక గదిలో అమ్మ మంచం ఉండేది. ఆ గదిలోకి వెళ్లినా వెళ్లకపోయినా నాకు తేడా ఏమీ తెలియడం లేదు.

అప్పట్లో మెకానికల్ చదివినవాళ్లు కూడా సాఫ్ట్‌వేర్ కోర్సుల వెంట పరుగెత్తేవాళ్లు. నా క్లాసులో నేనొక్కదాన్నే ఆడపిల్లను. అందరూ అమీర్‌పేట దారి పడితే నేను శ్రీనగర్ కాలనీలో ఏసీ ప్లాంట్లు చూసే ఒక చిన్న కంపెనీలో చేరాను. నాన్న లేరు. అమ్మ డబ్బింగ్ చెప్పేది. తెర మీద పేరు పడేంత పెద్ద గొంతు కాదు. వేరే భాషల సినిమాలు తెలుగులోకి వచ్చినప్పుడు అందులోని అత్తలకు, పక్కింటి ఆవిడలకు, హీరోయిన్ తల్లికి మాట్లాడేది. నేను ఏసీల పనిలో చేరానంటే నవ్వింది. "మేం లోపల చెమటలు కక్కుతుంటే నువ్వు బయట నిలబడి బాగుచేస్తావన్నమాట" అంది.

ఆ రోజు మా ఓనరు నన్ను ఫిల్మ్‌నగర్‌లోని ఒక డబ్బింగ్ థియేటర్‌కు పంపాడు. మధ్యాహ్నమయ్యేసరికి లోపల ఉక్కపోస్తోందని అక్కడి మేనేజరు ఫిర్యాదు. కంప్రెసర్ పోయిందని, కొత్తది వేయాలని ఎవరో ఆయనకు చెప్పారు. అది నిజమో కాదో కొలిచి లెక్క కట్టి ఇవ్వడం నా పని. అమ్మ తరచుగా పనిచేసిన థియేటర్ అదేనని ఓనరుకు తెలియదు. నేను చెప్పలేదు.

నాతో మా మెకానిక్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, పాతబస్తీలో పుట్టి పెరిగినవాడు. అందరూ ఆయన్ను ఉస్తాద్ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేదాన్ని. దారిలో ఆయన మా అమ్మ గురించి ఏమీ అడగలేదు. స్కూటర్ ఆపి, "టోపీ పెట్టుకో బిడ్డా, ఎండ మస్తుగున్నది" అన్నాడు, అంతే.

ప్లాంటు గది భవనం వెనక ఉంది. ఆ లెక్క పెద్ద కష్టమైనదేమీ కాదు. లోపలి కాయిల్‌లో గ్యాసు మరిగి గదిలోని వేడిని తీసుకుంటుంది. కంప్రెసర్ దాన్ని పీల్చి నొక్కి పంపుతుంది. కండెన్సర్‌లో ఆ వేడిని నీళ్లకు వదిలేసి గ్యాసు మళ్లీ ద్రవమవుతుంది. కంప్రెసర్‌లోకి వెళ్లే చోట, బయటికి వచ్చే చోట, కండెన్సర్ దాటాక, ఈ మూడు చోట్లా ఒత్తిడీ వేడీ కొలిస్తే ఒక కిలో గ్యాసులో ఎంత వేడి ఉందో చార్టు చూసి చెప్పవచ్చు. గదిలోంచి తీసుకున్న వేడిని కంప్రెసర్ పెట్టిన పనితో భాగించాలి. వచ్చిన అంకె ఎంత పెద్దదైతే ప్లాంటు అంత బాగున్నట్టు.

ఒత్తిడి చూపే గేజీలు చూశాను. పైపుల మీద థర్మామీటర్ కట్టి అంకెలు రాసుకున్నాను. తరువాత థియేటర్ లోపల గాలి ఎంత చల్లగా వస్తోందో కొలవడానికి వెళ్లాను.

తలుపు దగ్గర సౌండ్ ఇంజినీరు నన్ను చూసి లేచాడు. అమ్మకు బాగా తెలిసినవాడు. "రామ్మా" అన్నాడు. లోపల మైకు ముందు ఒకావిడ నిలబడి ఉంది. అమ్మ సగం సినిమాకు చెప్పి పోయింది. మిగిలిన సగం ఆవిడ చెబుతోంది. గొంతు కలవాలి కదా, అందుకని అమ్మ చెప్పిన డైలాగులు ముందు వినిపిస్తున్నారు.

"కాసేపాగి వస్తావా?" అని అడిగాడాయన.

"పర్లేదండీ, రెండు నిమిషాల పనే" అన్నాను.

గాలి వచ్చే జాలీ కింద స్టూలు వేసుకుని ఎక్కి థర్మామీటర్ పట్టుకున్నాను. స్పీకర్‌లో అమ్మ, "ముందు కాళ్లు కడుక్కుని రా, తరవాత మాట్లాడుకుందాం" అంది. ఆవిడ అదే మాట అంది. సరిపోలేదు. మళ్లీ అమ్మ. మళ్లీ ఆవిడ. అలా నాలుగుసార్లు. నేనెవరో సౌండ్ ఇంజినీరు ఆవిడకు చెప్పినట్టున్నాడు. నాకు ఏడుపు వస్తుందని వాళ్లిద్దరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. రాలేదు. పాదరసం ఎక్కడ ఆగిందో చూసి, పుస్తకంలో ఇరవై ఒకటి అని రాసుకుని స్టూలు దిగాను.

ఆవిడ మైకు వదిలి నా దగ్గరకు వచ్చింది. "ఏమనుకోకండి. 'ముందు' అన్నాక మీ అమ్మగారు చిన్నగా ఊపిరి తీసుకుంటున్నారు. అది నాకు పట్టుబడటం లేదు. ఇంట్లో మాట్లాడేటప్పుడూ అలాగే ఉండేవారా?"

ఇరవై మూడేళ్లు ఆ ఇంట్లో ఆ గొంతు విన్నాను. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"తెలియదండీ" అన్నాను.

ప్లాంటు గదికి తిరిగి వచ్చి, బోల్టుల డబ్బా మీద చార్టు పరుచుకుని లెక్క మొదలుపెట్టాను. చేయి దానంతటదే నడిచింది. కాయిల్‌లో గ్యాసు మైనస్ ఒకటి దగ్గర మరుగుతోందని తేలింది. కంప్రెసర్‌లోకి పోయే పైపు మాత్రం పది డిగ్రీలుంది. అంత తేడా ఉందంటే గ్యాసు తక్కువైనట్టే. "గ్యాస్ నింపాలి" అని రాసి, కాగితం ఉస్తాద్‌కు ఇచ్చాను.

ఆయన దాన్ని చదివి సిలిండర్ జోలికి పోలేదు. నా ముందు కూర్చున్నాడు.

"మైనస్ ఒకటి ఎట్ల వచ్చింది?"

"చార్టులో చూశాను."

"మైనస్ ఒకటైతే కాయిల్ మీద మంచు గట్టాలె గదా. గాడ మంచు లేదు, తడి ఉన్నది. పైపుకున్న అద్దంల బుడగలు గిట్ట లేవు. ఈ గేజీ మీద లోపలి డిగ్రీల గీత చూడు, ఐదు డిగ్రీలంటుంది. గిప్పుడు గ్యాస్ నింపితే పై ప్రెషర్ ఇంకా లేస్తది. జర మళ్ల చూడు బిడ్డా."

చూశాను. గేజీ చూపేది బయటి గాలి ఒత్తిడి పైన ఉన్నదాన్నే. చార్టులోకి వెళ్లేముందు ఆ గాలి ఒత్తిడిని కలపాలి. రెండో సంవత్సరం పిల్లలు చేసే తప్పు. కంప్రెసర్ దాటాక ఉండే పై ఒత్తిడి దగ్గర అది పెద్దగా తేలదు గానీ, కింది ఒత్తిడి దగ్గర ఆరు డిగ్రీలు తేడా కొట్టింది. సిగ్గుపడాల్సిన చోటు. సిగ్గు కూడా రాలేదు. "కలపడం మరిచిపోయాను" అన్నాను.

"మరుస్తరు. నేను ఉన్న గదా."

మళ్లీ మొదటినుంచి చేశాను. కిలో గ్యాసులో వేడి, కిలోజౌళ్ల లెక్కన, కంప్రెసర్‌లోకి పోయేటప్పుడు నాలుగు వందల పదకొండు, వచ్చేటప్పుడు నాలుగు వందల అరవై ఒకటి, కండెన్సర్ దాటాక రెండు వందల డెబ్బై. గదిలోంచి తీసుకున్నది నూట నలభై ఒకటి. పెట్టిన పని యాభై. భాగిస్తే రెండు పాయింట్ ఎనిమిది. ఉండాల్సినది నాలుగు. కంప్రెసర్ తన పని తాను చేస్తూనే ఉంది. కండెన్సర్‌లో నలభై డిగ్రీల దగ్గరే ద్రవం కావాల్సిన గ్యాసు యాభై ఐదుకు గానీ కావడం లేదు. జూబ్లీహిల్స్ రాళ్లలోంచి వచ్చే బోరు నీళ్లు వాడుతున్నారు. గొట్టాల లోపల సున్నం పేరుకుని, వేడి నీళ్లలోకి పోకుండా అడ్డుపడుతూ ఉంటుంది.

అదే మేనేజరుకు చెప్పాను. ఆయన నమ్మలేదు. "కంప్రెసర్ కాదంటారా? సంతకం పెట్టి ఇవ్వగలరాండీ?"

"పెడతానండి."

రెండు రోజుల తరువాత కండెన్సర్ మూత విప్పారు. వేలు పట్టాల్సిన గొట్టంలో పెన్సిల్ పట్టేంత దారే మిగిలింది. యాసిడ్ పోసి కడిగాక మళ్లీ కొలిచాను. నాలుగు పాయింట్ ఒకటి వచ్చింది. లోపల గాలి పద్నాలుగుకు దిగింది. మేనేజరు స్వయంగా వచ్చి, "మీ అమ్మగారు ఉంటే సంతోషించేవారు" అన్నాడు. నేను తల ఊపాను. సంతోషించేదా? "ఇప్పటిదాకా ఏం చేశారట" అని అడిగేదేమో.

మైకు ముందు ఆవిడ పని అప్పటికే పూర్తయింది. ఊపిరి ఎలా పట్టుబడిందో నేను అడగలేదు. సినిమా వచ్చినప్పుడు చూడనూ లేదు.

ఆ సాయంత్రం పనిముట్లు సర్దుతూ ఉస్తాద్ అడిగాడు. "ఇంట్ల ఎవరున్నరు ఇప్పుడు?"

"ఎవరూ లేరు."

"పొద్దుగాల ఏం తిన్నవ్?"

గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. ఆయన పనిముట్ల సంచి భుజాన వేసుకుని స్కూటర్ వైపు నడిచాడు.

మర్నాడు మాదాపూర్‌లో కొత్తగా కడుతున్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని. మధ్యాహ్నం ఉస్తాద్ రెండు టిఫిన్ డబ్బాలు బయటికి తీసి, ఒకటి నా ముందు పెట్టాడు. "మా ఇంటామె పంపింది. వద్దంటే నాతోని లొల్లి పెట్టుకుంటది."

సిమెంటు బస్తాల మీద కూర్చుని తిన్నాను. కూర ఏమిటో ఇప్పుడు గుర్తు లేదు. డబ్బా మాత్రం ఖాళీ చేసి, కడిగి ఇచ్చాను.