సోషియాలజీ అమ్మాయీ, చెక్క బిళ్లా

నడిపికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ముగ్గురు పిల్లల్లో మధ్యది కాబట్టి ఇంట్లో అందరికీ నడిపే. కొత్త చొక్కా పెద్దవాడికి, గారాబం చిన్నదానికి, ఆ ఇద్దరూ వద్దన్నదేదో దీనికి. అలా పెరిగిన పిల్లకి "ఎందుకిలా?" అని నిలదీయడం రాక ఇంకేం వస్తుంది? ఇంటరయ్యాక డిగ్రీలో సోషియాలజీ చదువుతానంది.

బ్యాంకులో పనిచేసే అన్న పడీపడీ నవ్వాడు. "మనుషులెలా బతుకుతారో చదువుతావా? కిటికీ తీసి చూస్తే సరిపోదూ! దానికి మూడేళ్లెందుకే?"

"రోజూ చూస్తూనే ఉన్నావుగా. మన మెట్లు కడిగే ఆవిడ పేరు చెప్పు."

అన్నకి తెలిస్తేగా చెప్పడానికి! వాడు బడికెళ్లే రోజుల నుంచీ ఆ మెట్లు ఆవిడే కడుగుతోంది.

మొండికేసి చేరింది, మొండిగానే చదివింది. పేదవాడి పిల్లే బడి ఎందుకు మానేస్తుంది, ఒకడు గద్దిస్తే వందమంది తల ఎందుకు వంచుతారు, ఇలాంటివన్నీ. రెండో ఏడు పాఠం చెప్పిన మేడం ఒక మాట పదేపదే అనేది. "ఏం అడుగుతున్నావో చూసుకుంటే చాలదమ్మా. నువ్వు అడిగేటప్పుడు వాళ్ల పక్కన ఎవరు నిలబడ్డారో కూడా చూసుకో." నడిపి ఆ మాట పరీక్షలో అందంగా రాసింది, మార్కులు తెచ్చుకుంది, మర్చిపోయింది. చదువుకున్నవాళ్లతో వచ్చే చిక్కే ఇది.

ఉద్యోగానికి ఎక్కడికెళ్లినా "సోషియాలజీ అంటే ఏంటమ్మా?" అనేవాళ్లే. ఒకాయనైతే "మా కంపెనీ ఫోటోలు ఫోన్లో పెడతావా?" అన్నాడు. పళ్లు బిగబట్టుకుని లేచొచ్చింది. తిరగ్గా తిరగ్గా చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసరు పని దొరికింది. పనివాళ్ల మంచిచెడ్డలు కనుక్కోవడమే ఆ ఉద్యోగం.

పొడవాటి షెడ్డు. వరసలు వరసలుగా మిషన్లు, గాల్లో దూది నుసి, వేడిగాలినే అటూ ఇటూ తిప్పే ఫ్యాన్లు. ఒక వరస చేతులు కుడుతుంది, ఒకటి కాలర్లు, ఒకటి కాజాలు. ప్రతి వరస చివరా ఒక మేకు, దానికొక చెక్క బిళ్ల. మొదటి వారం సూపర్వైజరు తానే వెంటబెట్టుకుని అన్నీ చూపించాడు. నడిపి ప్రతి మిషను దగ్గరా ఆగి నవ్వుతూ అడిగింది. "ఏమైనా ఇబ్బందులున్నాయా అక్కా?"

"ఏం లేవు మేడం."

అందరిదీ అదే మాట. సూపర్వైజరు పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు మరి! ఈ మహాతల్లి వెళ్లి మేనేజరుతో, "అందరూ సంతోషంగానే ఉన్నారు సార్," అనేసింది.

నెల తిరక్కుండానే కాలర్లు కుట్టే అక్క మిషను మీదకి ఒరిగిపోయింది. మొహాన నీళ్లు చల్లి లేపారు. మేనేజరు నడిపిని పిలిచి, "అంతా నటన. టార్గెట్ తప్పించుకోవాలని. సోమవారం నుంచి రావద్దని నువ్వే చెప్పేయ్," అన్నాడు.

"పాపం ఒంట్లో బాగోలేదేమో సార్."

"ఇక్కడెవరికీ ఏ ఇబ్బందీ లేదని చెప్పింది నువ్వే కదా?"

చెంప పగిలినట్టయింది. తన మాటనే కత్తి చేసి ఆ అక్క కూడు కోస్తున్నాడు! ఆయన మీద కోపమో, తన మీద తనకే కోపమో, అరికాలి మంట నెత్తికెక్కింది.

సాయంత్రం గేటు దాటి ఆడవాళ్లతో కలిసి నడిచింది. అప్పుడు కనిపించాయి సంచుల్లో నీళ్ల సీసాలు. పొద్దున తెచ్చినవి తెచ్చినట్టే, నిండుగా. అంత వేడిలో రోజంతా కూర్చుని ఒక్కరూ మూత తీయలేదు.

"అక్కా, నీళ్లెందుకు తాగలేదు?" అని కాలర్ల అక్కని అడిగింది. ఈసారి పక్కన ఎవరూ లేరు.

ఆవిడ ఎగాదిగా చూసింది. "తాగితే లేవాలిగా మేడం గారూ. మరుగుదొడ్డికి లేవాలంటే మేకుకున్న బిళ్ల తీసుకోవాలి. వరసకంతా ఒక్కటే బిళ్ల. కాస్త ఆలస్యమైతే సూపర్వైజరు షెడ్డంతా వినబడేలా, 'ఏమ్మా, అక్కడే కాపురం పెట్టావా?' అంటాడు. మగాళ్లంతా నవ్వుతారు. ఆ నవ్వు పడేకంటే గొంతెండటమే నయం."

"మరి ఆ రోజు నేనడిగితే లేవన్నావే?"

"ఆయన్ని పక్కన పెట్టుకుని అడిగితే ఏమనమంటావు? బాగా చదివావు తల్లీ!"

పక్కనున్నవాళ్లు ఫక్కున నవ్వారు. నడిపికి నవ్వు రాలేదు. మూడేళ్ల చదువు ఒక్క మాటతో మొహాన కొట్టింది ఆవిడ.

మర్నాడు మేనేజరు గదిలోకి తలుపు తోసుకునే వెళ్లింది. "నేను చెప్పింది తప్పు సార్. తప్పుగా అడిగాను, తప్పుగా చెప్పాను. ఆ అక్కని తీయడానికి వీల్లేదు. ఆ బిళ్లలు కూడా తీయించండి."

"పుస్తకాలు చదివొచ్చి నాకు ఫ్యాక్టరీ నడపడం నేర్పుతావా?"

"పొద్దున్నుంచి మీరు కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచారు సార్? ఎవర్నడిగి వెళ్లారు?"

ఆయన మొహం కందిపోయింది. "నీకు జీతమిచ్చేది మేము."

"ఇచ్చేది వాళ్ల మంచిచెడ్డలు చూడమనే కదా? చూశాను. ఆమెని పంపేస్తే లేబరాఫీసుకి నేనే తీసుకెళ్తాను. ఎందుకు పడిపోయిందో నా నోటితో నేనే చెప్తాను."

ఆయన పెన్ను బల్ల మీద పడేశాడు. "సరే, ఉండనీ. బిళ్లలూ తీయిస్తాను. నీ సంగతి మాత్రం తర్వాత చూస్తా," అన్నాడు.

"చూడండి," అని వచ్చేసింది.

సోమవారం కాలర్ల అక్క తన మిషను దగ్గరే ఉంది. మేకులు ఖాళీ. కానీ ఒక్కరూ లేవడం లేదు. చూస్తే ఏముంది, సూపర్వైజరు మరుగుదొడ్డి తలుపు పక్కనే గోడకానుకుని, గడియారం కేసి చూస్తూ నిలబడ్డాడు. బిళ్ల పోయి, బిళ్ల బదులు మనిషి వచ్చాడు!

నడిపి తన గదిలో కుర్చీని షెడ్డు ఆ చివర నుంచి ఈ చివరికి కీచుమనిపిస్తూ ఈడ్చుకొచ్చింది. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. సరిగ్గా అతనికి ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"ఇదేంటి మేడం, ఇక్కడ?"

"మీకేం పనో నాకూ అదే పని. మీరు ఎవరెంతసేపు ఉన్నారో చూడండి, నేను మీరెంతసేపు ఉన్నారో చూస్తాను."

"నేను లైను చూసుకోవాలి."

"లైను అటుంది బాబూ. ఇక్కడ ఏ చొక్కా కుడుతున్నారు?"

కాజాల వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వరస వరసా పాకింది. అతని చెవులు ఎర్రబడ్డాయి, అయినా కదల్లేదు. నడిపీ కదల్లేదు. ఈ ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో దానికీ తెలీదు.

అప్పుడు కాలర్ల అక్క మిషను ఆపింది. సీసా మూత తీసి, అందరూ చూస్తుండగా గటగటా తాగింది. లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, అతని ముందు నుంచే తీరిగ్గా నడిచి లోపలికెళ్లి తలుపేసుకుంది.