గుట్ట మీద అమ్మ మౌనం

సీతాఫలం ఆకును వేళ్ల మధ్య నలిపితే వచ్చే ఆ ఘాటైన పచ్చి వాసన, మొన్న ఆదివారం జూబ్లీహిల్స్‌లో ఒక పార్కులో ఓ కుర్రాడు నా అరచేతిలో ఆకు పెట్టి కళ్లు మూసుకోమన్నప్పుడు, నన్ను కృష్ణానగర్‌లోని మా అద్దె గదికీ, దాని వెనకున్న గుట్టకీ లాక్కుపోయింది. చెట్ల మధ్య మెల్లగా, చూస్తూ వింటూ నడిస్తే మనసు కుదుటపడుతుందని ఇప్పుడు నేర్పేవాళ్లున్నారు, ఆ కుర్రాడు అలాంటివాడే. అమ్మను కూడా వెంట తీసుకెళ్లాను. మేమిద్దరం ఈ విద్య ఎప్పుడో నేర్చుకున్నామని ఆ కుర్రాడికి తెలియదు.

అమ్మ డబ్బింగ్ చెప్పేది. గుంటూరు వైపు చర్చి పాటల్లో సానపడ్డ సన్నని గొంతు ఆమెది. తెలుగు రాని హీరోయిన్లెందరో ఆ గొంతుతోనే నవ్వారు, అలిగారు. నేను నాలుగో తరగతిలో ఉండగా, ఒక హీరోయిన్ గుండెలు బాదుకుని ఏడ్చే సన్నివేశాన్ని పొద్దుటి నుంచి చీకటి పడేదాకా చెప్పి ఇంటికొచ్చిన అమ్మ మంచినీళ్లు అడగబోతే గాలి తప్ప మాట రాలేదు. డాక్టరు నెలరోజులు నోరు విప్పొద్దన్నాడు. గుసగుసలు అసలే వద్దన్నాడు. గొంతు అలిసినవాళ్లు గుసగుసలాడి దాన్ని కాపాడుకుంటున్నామనుకుంటారు గానీ, అది గొంతును ఇంకా నలుపుతుందట. పెద్దయ్యాక లైబ్రరీలో వైద్య పుస్తకాలు వెతికి మరీ ఆ మాట నిజమేనని తెలుసుకున్నాను. నెల తర్వాత కూడా బాగుపడకపోతే వేరే పని చూసుకోవాలన్నాడు డాక్టరు. నాన్న లేని మా ఇంట్లో ఆ గొంతే అన్నం.

ఇంట్లో అమ్మ నోరు ఆగేది కాదు. కుక్కర్ కూత వేసినా, పాలవాడు పిలిచినా పెదవులు కదిలేవి. అన్నం ముందు మేము కళ్లు మూసుకున్నప్పుడు ప్రార్థన గుసగుసగా చెప్పేసేది. దేవుడితో మాట్లాడితే లెక్కలోకి రాదనుకుంది. ఒకరోజు గుమ్మంలో నిలబడిన ఇంటి ఓనరు యాదమ్మ ఆ గుసగుస పట్టేసింది. "ఏందే బిడ్డా, దేవునికి చెవుడా? మనసుల అనుకుంటే వినడా? ఇంట్ల ఉంటే నీ నోరు ఊకోదు. పొద్దుగాల పోరిని తీస్కొని గుట్టకు పో. గాడ ఎవలతోని మాట్లాడ్తవ్?"

అలా మొదలైంది. నేను మాట్లాడితే అమ్మకు బదులివ్వాలనిపిస్తుందని కిందికి దిగేదాకా నేనూ నోరెత్తకూడదు. వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. తంగేడు పూలు పసుపు చల్లినట్టు విచ్చుకుని, తడిసిన రాళ్ల మీద నాచు పిల్లి వీపులా మెత్తగా ఉండేది. అమ్మ నా కళ్లు మూసి ఒక ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టేది. అది ఏ చెట్టుదో నేను కళ్లు తెరిచి వెతికి పట్టుకోవాలి. కొత్త చప్పుడు వినబడితే నా చెయ్యి నొక్కేది. పొదల్లో కౌజుపిట్ట, దూరాన నెమలి, ఇంకా దూరంగా ఫిల్మ్‌నగర్ వైపు ఏదో షూటింగ్ జనరేటర్ గురక. పెద్ద బండరాయికి ఒక పక్క ఎండ వెచ్చగా, ఇంకో పక్క రాత్రి చలి ఇంకా మిగిలి ఉండేది. దాని మూల దగ్గర రెండు పక్కలా ఒక్కో చెయ్యీ ఆన్చి అమ్మ చాలాసేపు నిలబడేది. ఆ రాళ్లు రాక్షసబల్లులకంటే పాతవని తర్వాత చదివినప్పుడు, అమ్మ ఏం వినేదో కొంత అర్థమైనట్టనిపించింది.

ఆదివారాలు చర్చిలో పాటకు పెదవులు మాత్రం కదిపేది. పరాయి పెదవులకు గొంతిచ్చిన మనిషి, ఆ నెలంతా పరాయి గొంతులకు పెదవులిచ్చింది.

వాపు తగ్గిందని, ఇక మాట్లాడొచ్చని డాక్టరు చెప్పిన మర్నాడు కూడా గుట్టకే వెళ్లాం. నేను ముందు పరుగెడుతూ తంగేడు కొమ్మ విరుస్తున్నాను. "బుజ్జీ" అని వెనక నుంచి ఎవరో పిలిచారు. కొత్త గొంతు, బరువుగా, ఇసుక రాపిడిలా ఉంది. ఎవరా అని తిరిగి చూశాను. అమ్మ తప్ప ఎవరూ లేరు. నా ముఖంలో ఏం కనబడిందో, అమ్మ నవ్వింది. ఆ నవ్వు కూడా మారిపోయింది.

ఆ తర్వాత హీరోయిన్లు రాలేదు. అత్తగార్లు, హెడ్‌మిస్ట్రెస్‌లు, కోపం వచ్చిన దేవతలు వచ్చారు, అన్నం ఆగలేదు. గుట్టనే పేల్చి, చదును చేసి, ఇళ్లు కట్టారు. యాదమ్మ ఇప్పుడు లేదు. టీవీలో ఆమె పాత గొంతున్న సినిమాలు వస్తే అమ్మ వంటింట్లోకి వెళ్లిపోతుంది.

మొన్న పార్కులో, నిశ్శబ్దం చెడకూడదని కాబోలు, ఆ కుర్రాడు అన్నీ గుసగుసగానే చెబుతున్నాడు. కళ్లు మూసుకుని నడుస్తున్న అమ్మ ఆగింది.

"గట్టిగానే చెప్పు బాబూ. గుసగుసలాడితే గొంతు పోద్ది. నేను దేవుడితో గుసగుసలాడే పోగొట్టుకున్నా."

అందరూ కళ్లు తెరిచారు. కుర్రాడు సిగ్గుపడి, గొంతు సవరించుకుని, ఈసారి మామూలుగా మళ్లీ కళ్లు మూసుకోమన్నాడు. నేను అమ్మ వైపు చెయ్యి చాచాను. కాసేపటికి, అప్పట్లా కొత్త చప్పుడేదో విన్నట్టు, అమ్మ నొక్కింది. ఎంత చెవి పెట్టినా నాకేమీ వినబడలేదు.